అడ్డుకట్ట వేసినవాడే కాలువ తవ్వాలి

(విజయవాడలో చేసిన డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాసం పాఠం)

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ డ్రైవర్ సోదరులారా, ముందు రెండు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ సాయంత్రం మాట్లాడబోయేది మీ గురించే.

నీళ్ల ఇంజనీరు పేరు మీద పెట్టిన ఉపన్యాసంలో లారీల గోల ఏమిటని ఆహ్వానపత్రం చూసినవాళ్లు ఒకరిద్దరు ఫోన్ చేసి అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కానూరి లక్ష్మణరావుగారు 1902లో ఇక్కడికి కూతవేటు దూరంలోని కంకిపాడులో పుట్టారు. బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, నాగార్జునసాగర్ లాంటి కట్టడాల రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1962 నుంచి వరసగా మూడుసార్లు ఈ ఊరి నుంచే లోక్‌సభకు వెళ్లి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. గంగను కావేరితో కలపాలన్న ప్రతిపాదన ఆయనదే. ఆత్మకథకు కూడా ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరు పెట్టుకున్నారు. అంత నీటి మనిషి! పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టడంలో ఆశ్చర్యమేముంది?

నీళ్ల ఇంజనీర్లకు మొదటిరోజే ఒంటపట్టే సంగతి ఒకటుంది. ప్రవాహానికి అడ్డం కట్టినంత మాత్రాన నీరు మాయం కాదు. గట్టు వేసినవాడు ఆ నీరు ఎటు పోవాలో కూడా చెప్పాలి. కాలువ తవ్వాలి, తూములు పెట్టాలి, వరదొస్తే వదలడానికి గేట్లు పెట్టాలి. ఇవేవీ లేకుండా ఒట్టి గట్టు వేస్తే దాన్ని ఎవరూ ప్రాజెక్టు అనరు, పక్క ఊరికి ముంపు అంటారు. లారీల మీద మనం పెట్టుకునే ఆంక్షల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఈ ఒట్టి గట్టే. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

ఈ గొడవ నిన్నమొన్నటిది కాదు. రెండువేల ఏళ్ల కిందట రోమ్ నగరంలో బళ్ల రద్దీ భరించలేక జూలియస్ సీజర్ కాలంలో ఒక చట్టం తెచ్చారు. పొద్దు పొడిచింది మొదలు సాయంత్రం దాకా సరుకు బళ్లు ఊళ్లోకి రాకూడదు. గుళ్లు కట్టే సామాను తెచ్చే బళ్లకు, ప్రభుత్వ పనులకు, దేవతా కార్యాల నాడు పూజారిణుల బళ్లకు మాత్రం మినహాయింపు. వింటుంటే మన పోలీసు కమిషనరేట్ ప్రకటన చదువుతున్నట్టే ఉంటుంది. పగలు వీధులు ఖాళీ అయ్యాయి, రాత్రిళ్లు మోత మొదలైంది. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా, బళ్ల చప్పుడుకు ఈ ఊళ్లో నిద్ర పట్టదని జువెనాల్ అనే కవి ఎకసెక్కెంగా రాసుకున్నాడు. పగటివాళ్ల ఇబ్బంది రాత్రివాళ్ల నెత్తిన పడింది.

లండన్‌లో పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. 18 టన్నులు దాటిన లారీలు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా, శనివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సోమవారం పొద్దున దాకా, ఇళ్లున్న వీధుల్లో తిరగాలంటే అనుమతి ఉండాలి. అనుమతి ఉన్నా, వీలైనంతవరకు నిర్ణయించిన పెద్ద రోడ్ల మీదుగానే వచ్చి చివరి మలుపులోనే వీధిలోకి దిగాలి. 1985లో మొదలైన ఈ పథకం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడివాళ్లు కాపాడుకోదలిచింది జనం నిద్రను. మన నగరాలు కాపాడుకునేది ఆఫీసు వేళల్లో కార్ల వేగాన్ని. ఏది కాపాడాలన్నది ఊరి ఇష్టం, నాకు పేచీ లేదు. కానీ దేన్ని కాపాడుతున్నామో, అందుకు ఎవరితో మూల్యం కట్టిస్తున్నామో ఉత్తర్వు రాసే చేతికి తెలిసి ఉండాలి.

ఇక మన చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 115 ఉంది. ప్రజల భద్రత కోసమో, సౌకర్యం కోసమో, రోడ్డు లేదా వంతెన స్థితిని బట్టో ఫలానా రకం వాహనాలు ఫలానా చోట తిరగకూడదని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించవచ్చు. ప్రభుత్వం అధికారమిచ్చినవారు కూడా ఆ పని చేయవచ్చు. గెజిట్‌లో ప్రకటించాలి, సెక్షన్ 116 ప్రకారం బోర్డులు నాటాలి. నెలకు మించని నిషేధమైతే గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా తగినంత ప్రచారం చేస్తే చాలు. దసరాకు మనం చూసే మళ్లింపులన్నీ ఈ చివరి వెసులుబాటులోకే వస్తాయి.

ఈ సెక్షన్‌ను ఎన్నిసార్లు చదివినా నా కన్ను ఒకచోటే ఆగుతుంది. ఎందుకు ఆపాలో అందులో ఉంది, ఎలా చాటాలో ఉంది. ఆపిన బండి ఎటు పోవాలన్న మాట ఒక్కటి లేదు. గట్టు వేయడానికి కావలసిన అధికారమంతా ఇచ్చి, కాలువ ఊసు ఎత్తని చట్టం ఇది.

శిక్షలో మాత్రం లోటు లేదు. అధిక లోడుకూ, నిషేధించిన దారిలో వెళ్లినందుకూ శిక్ష చెప్పేది ఒకటే సెక్షన్, 194. 2019 సవరణ తర్వాత జరిమానా 20 వేల రూపాయలు. అధిక లోడుంటే టన్నుకు మరో రెండు వేలు, పైగా ఆ సరుకు దింపే ఖర్చు. అంతకుముందు ఇది రెండు వేలు, టన్నుకు వెయ్యి ఉండేది. అసలు జరిమానా పదింతలైంది. జరిమానా చీటీ మీద బండి నంబరే ఉంటుంది గానీ, తెల్లారేలోగా సరుకు దించాల్సిందేనని ఒత్తిడి పెట్టిన వ్యాపారి పేరు అందులో ఎక్కడా కనపడదు. చాలాచోట్ల ఆ డబ్బు చివరికి డ్రైవర్ బత్తాలోంచి కోత పడుతుందని మీకందరికీ తెలుసు. ముందు వరసలోకి వచ్చి కూర్చున్నవాళ్లు తలలూపుతున్నారు, చూడండి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు రహదారి, పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం వచ్చే 65వ నంబరు రహదారి రెండూ విజయవాడలోనే కలుస్తాయి. ఒకవైపు కొండ, మరోవైపు నది. నడుమ మిగిలిన సన్నని జాగాలో రైలు పట్టాలు, మూడు కాలువలు, ఊరు, వీటన్నిటి మధ్య రహదారి. ఒకప్పుడు జాతీయ రహదారి లారీలన్నీ ప్రకాశం బ్యారేజీ మీదుగానే కృష్ణ దాటేవి. 1957లో పూర్తయిన కట్టడం అది, ముఖ్యంగా నీటి కోసం కట్టింది. కనకదుర్గ వారధి వచ్చాకే దానికి ఊపిరాడింది. ఈరోజు బ్యారేజీ మీద భారీ వాహనాలు రాకూడదంటే నొచ్చుకునే లారీ యజమాని ఒక్కడూ లేడు, పక్కనే వారధి ఉంది కాబట్టి. రాజమండ్రిలోనూ అంతే. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద భారీ లారీలను ఆపారు. 2015లో నాలుగో వంతెన తెరుచుకుని ఉండకపోతే ఆ నిషేధం నిలబడేదేనా? కాలువ ఉన్నచోట గట్టు తగాదా లేకుండా నిలుస్తుంది. ఈ రెండు వంతెనల కథ నేను చెప్పేదానికి ఎదురు సాక్ష్యం కాదు, అసలు సాక్ష్యం.

మన పెద్దలు ఇంకో మంచి పని చేశారు. వన్‌టౌన్ ఇరుకు సందుల్లోని హోల్‌సేల్ వ్యాపారాన్ని గొల్లపూడికి తరలించారు. మెకానిక్ షెడ్లను, బాడీ బిల్డింగ్ వాళ్లను ఆటోనగర్‌కు చేర్చారు. లారీని అడ్డుకోవడం కంటే లారీ వెళ్లవలసిన చోటునే మార్చడం నా లెక్కలో ఎంతో తెలివైన పని. పోలీసు ప్రమేయం లేకుండానే ఊళ్లోకి లారీలు తగ్గిపోతాయి. అయితే ఊరు ఊరుకుంటుందా? పెరిగి పెరిగి గొల్లపూడినీ, ఆటోనగర్‌నూ కడుపులో పెట్టేసుకుంది. అప్పట్లో ఊరి బయట ఉన్నవి ఇప్పుడు ఊరి నడుమన ఉన్నాయి. ఇలాంటి ఏర్పాటు ఒకసారి చేసి చేతులు దులుపుకునేది కాదు, తరానికోసారి చేయాల్సిందే.

దసరా వస్తుంది. భవానీ దీక్షల విరమణ వస్తుంది. 2016లో పుష్కరాలు వచ్చాయి. లక్షల మంది జనం ఇంద్రకీలాద్రి కింద చేరతారు. భారీ వాహనాలను ఊళ్లోకి రానివ్వకపోవడం ఆ రోజుల్లో తప్పదు, అందులో రెండో మాట లేదు. పేపర్లో ప్రకటన వస్తుంది: విశాఖ వైపు నుంచి చెన్నై వెళ్లే లారీలు హనుమాన్ జంక్షన్ దగ్గర తిరిగి గుడివాడ, పామర్రు, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరాలి. హైదరాబాద్ వెళ్లేవి నూజివీడు, మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం వెళ్లాలి. ఈ పేర్లు మీరు ప్రకటనలో చదువుతారు. నేను రోడ్ల ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి నా చెవికి అవి ఊళ్ల పేర్లుగా వినపడవు, అక్కడి నేలలు గుర్తొస్తాయి.

పామర్రు నుంచి అవనిగడ్డ దాకా ఉన్నది దివిసీమ దారి. నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. చాలాచోట్ల రోడ్డు పక్కనే కాలువ, రెండో పక్క వరిచేను. అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు రోడ్డు కింది మట్టి తడిగానే ఉంటుంది. దసరా సరిగ్గా వానల చివర్లో వస్తుంది, రోడ్డు అడుగు అప్పుడే అన్నిటికంటే మెత్తగా ఉంటుంది. ఆరు వరసల రహదారికి సిద్ధం చేసిన బళ్లు ఆ పది రోజులు ఆ దారిన పోతాయి. పండగ అయిపోతుంది, బళ్లు మళ్లీ హైవే ఎక్కుతాయి. సంక్రాంతి నాటికి అక్కడ గోతులు పడతాయి. గోతికి కారణం దసరా అని ఎవరూ అనరు, కాంట్రాక్టరు తినేశాడంటారు. తిన్నాడేమో, నేను హామీ ఇవ్వలేను. కానీ తినకపోయినా గొయ్యి పడేది.

ఎందుకు పడేదో చెప్పాలి. ఈ ఉపన్యాసంలో లెక్క అనేది ఇదొక్కటే, ఓపిక పట్టండి. 1958 నుంచి 60 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా అనే ఊరి దగ్గర, ప్రయోగం కోసమే రోడ్లు వేసి వాటి మీద రకరకాల బరువులతో ట్రక్కులను తిప్పారు. సైనికులు డ్రైవర్లుగా రేయింబవళ్లు తిప్పుతూనే ఉన్నారు. రోడ్లు పాడయ్యాయి, ఎలా పాడయ్యాయో కొలిచారు. తేలిందేమిటంటే, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు మీది బరువుతో సమంగా పెరగదు, దాదాపు దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. మన దేశంలోనూ రోడ్ల మందం లెక్కలు ఈ సూత్రం మీదే నడుస్తాయి. 8.16 టన్నుల ఇరుసును ప్రమాణంగా తీసుకుంటాం. 10.2 టన్నుల ఇరుసు ఒకసారి దాటితే ప్రమాణ ఇరుసు రెండున్నర సార్లు దాటినట్టు. కాటా వేయించకుండా 15 టన్నులు మోపిన ఇరుసైతే పదకొండు సార్లు దాటినట్టు. కారు ఇరుసు మీద అరటన్ను బరువుంటుందనుకుంటే, నిండా లోడున్న ఒక్క లారీ ఇరుసుకు సమానంగా రోడ్డును అరగదీయాలంటే లక్షకు పైగా కారు ఇరుసులు దాటాలి. బెంజ్ సర్కిల్‌లో కార్లు చూసి రోడ్డు పాడైపోతోందని బెంగపడేవాళ్లు హాయిగా నిద్రపోవచ్చు.

2018 జులైలో కేంద్రం లారీల బరువు పరిమితులు పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 నుంచి 11.5 టన్నులకు, మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు. వినడానికి పదమూడు పద్నాలుగు శాతం పెంపు. నాలుగో ఘాతంలో వేసి చూస్తే ఆ ఒక్క ఇరుసు వల్ల రోడ్డుకు కలిగే నష్టం అరవై శాతానికి పైగా పెరిగింది. ఈ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. టన్నుకు కిరాయి తగ్గుతుంది, బళ్లూ మెరుగుపడ్డాయి. జాతీయ రహదారి ఆ బరువు మోయగలదు. మోయలేనిది పల్లె రోడ్డు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద 2000 చివర నుంచి వేసిన రోడ్లు మామూలుగా 3.75 మీటర్ల వెడల్పు. లారీ వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండవచ్చు. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి చేల్లోకి దిగాల్సిందే. ఎడ్లబండి, ట్రాక్టరు, రోజుకో ఆర్టీసీ బస్సు, అడపాదడపా ఒక లారీ వస్తాయని లెక్కకట్టి వేసిన రోడ్డది. బరువు పరిమితి ఢిల్లీలో ఒక్క సంతకంతో మారింది. రోడ్డు అడుగున పరిచిన కంకర మాత్రం వేసినప్పటిదే.

ఇక్కడే జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది కూడా. పెద్ద లారీ కనపడగానే ఊరు భయపడుతుంది, చిన్న లారీని వదిలేస్తుంది. రోడ్డు కొలిచేది బండి పొడవును కాదు, ఒక్కో ఇరుసు మీద పడే బరువును. పన్నెండు టైర్ల బండి తన పరిమితిలో లోడు వేసుకుని వస్తే రోడ్డుకు పెద్ద బాధ లేదు. ఆరు టైర్ల బండి అందులో సగానికి పైగా సరుకు కుక్కుకుని వస్తే అదే అసలు శత్రువు. పెద్ద బండి నిషేధించిన ఊళ్లలో ఇసుక, కంకర ఆగిపోయాయా? చిన్న బళ్లలో, ఎక్కువ ట్రిప్పుల్లో, అడ్డూఆపూ లేని లోడుతో వచ్చాయి. కృష్ణ కరకట్ట మీద ఇసుక ట్రిప్పులు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బోర్డు మీద ‘భారీ వాహనములకు ప్రవేశము లేదు’ అని రాయడం సులువు. ఇన్ని టన్నుల ఇరుసు అని రాసి, పక్కన కాటా పెట్టి, కాటా దగ్గర మనిషిని పెట్టడం కష్టం. సులువైన పని ఊరంతా కనిపిస్తుంది, కష్టమైన పని ఎక్కడా కనిపించదు. అధిక లోడు విషయంలో కొన్ని రాష్ట్రాలు ఒకప్పుడు ఇంకా సులువైన దారి పట్టాయి. రుసుము కట్టించుకుని, ఎక్కువ లోడు వేసుకోమని కార్డులే ఇచ్చాయి. ఇలా చెల్లదని, అదనపు సరుకు దించకుండా బండి కదలకూడదని 2005 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పాల్సి వచ్చింది.

కొన్ని ఊళ్లవాళ్లు చట్టంతో పనిలేకుండా రోడ్డుకు అడ్డంగా ఇనుప కమాను కట్టేస్తారు. ఇసుక లారీ ఆగుతుంది, నిజమే. నూర్పిళ్ల నాడు కోత మిషనూ ఆగుతుంది. గడ్డివాము అంటుకున్న రోజు ఫైరింజనూ ఆగుతుంది. పంచాయతీ బోర్డు పెట్టుకోవచ్చు గానీ, రాష్ట్రం అధికారమిస్తే తప్ప దానికి సెక్షన్ 115 బలం రాదు. సర్పంచులు అడగవలసింది ఆ అధికారం. కమాను కాదు.

బోర్డుల గురించి ఒక మాట, త్వరగా చెప్పి ముందుకు పోతాను. నిషేధం బోర్డు నిషేధం మొదలయ్యేచోట పెడతారు. నలభై అడుగుల ట్రైలర్‌తో అక్కడిదాకా వచ్చిన డ్రైవర్ ఏం చేస్తాడు? వెనక్కి తిప్పుకోవడానికి జాగా ఉండదు, వెనక హారన్లు మోగుతుంటాయి. బోర్డు ఉండవలసింది అంతకుముందున్న ఆఖరి మలుపు దగ్గర. అక్కడ తెలుగు అక్షరాలతో పాటు ఎర్ర వలయంలో లారీ బొమ్మ, కింద బరువు అంకె ఉండాలి. రాజస్థాన్ నుంచి పాలరాయి తెచ్చే డ్రైవర్‌కు మన ‘ప్రవేశము లేదు’ ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మీ దగ్గరకు వస్తాను. నగరంలోకి పగలు రావద్దు అన్న ఉత్తర్వు ఆచరణలో ఇలా ఉంటుంది. డ్రైవర్ తెల్లారుజామున ఊరి శివారుకు చేరతాడు. నో ఎంట్రీ టైం మొదలైపోయింది. రాత్రి దాకా ఆగాలి. ఎక్కడ ఆగాలో ఉత్తర్వులో లేదు. రోడ్డు పక్కనే ఆపుతాడు, ట్రాఫిక్ వాళ్లు తోలేస్తారు. ఇంకాస్త ముందుకు వెళ్లి పెట్రోలు బంకు పక్కన ఆపుతాడు. బెజవాడ ఎండలో క్యాబిన్‌లో నిద్ర పడుతుందా? మరుగుదొడ్డి లేదు, స్నానానికి నీళ్లు లేవు. హాల్టింగ్ డబ్బులు యజమానికి వ్యాపారి ఇవ్వడు, డ్రైవర్‌కు యజమాని ఇవ్వడు. రాత్రి పదింటికి గేటు తీసినట్టు తీస్తారు. పగలంతా ఆగిన బళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి పడతాయి. నిద్రలేని డ్రైవర్లు, ఖాళీ రోడ్లు, తెల్లారేలోగా దించాలన్న తొందర. పగటి ప్రమాదాలు తగ్గించడానికి పెట్టిన నియమం రాత్రి ప్రమాదాలకు సామగ్రి సమకూరుస్తోంది. రాత్రి హమాలీకి ఎక్కువ కూలి ఇవ్వాలి, అదీ చివరికి ఉల్లిపాయ ధరలో కలుస్తుంది. అంటే మన కారు సాఫీగా పోయినందుకు మనమే కూరగాయల కొట్లో కడుతున్నాం, అదీ ఎంతో తెలియకుండా.

ఢిల్లీ కథ చెప్పి ముగింపుకు వస్తాను, ఎందుకంటే గట్టు ముందు, కాలువ తర్వాత వస్తే ఏమవుతుందో అది చెబుతుంది. ఢిల్లీతో ఏ పనీ లేని లారీలు పంజాబ్ నుంచి, హర్యానా నుంచి ఉత్తరప్రదేశ్ పోవడానికి రాత్రిళ్లు నగరంలోంచే వెళ్లేవి. బయటి దారుల్లో టోలు ఎక్కువ, చుట్టు రోడ్డు పూర్తి కాలేదు. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు నగరంలోకి వచ్చే చిన్న లారీకి, రెండు ఇరుసుల లారీకి 700, అంతకంటే పెద్దదానికి 1,300 రూపాయల పర్యావరణ రుసుము వేసింది. రెండు నెలలకే దాన్ని రెట్టింపు చేసింది. చుట్టూ తిరిగి పోయే తూర్పు, పశ్చిమ ఎక్స్‌ప్రెస్‌వేలు పూర్తిగా తెరుచుకున్నది 2018లో. అవి కట్టాలన్న మాట అప్పటికి పుష్కరానికి పైగా నలిగింది. ఆ పుష్కరం పాటు దారి పక్క బతుకుల్లో పొగ నిండింది. హైదరాబాద్ అదృష్టం, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఉంది. నగరంతో పనిలేని లారీని లోపలికి రావద్దని చెప్పే నైతిక హక్కు ఆ ఊరికి ఉంది. మన పశ్చిమ బైపాస్ చిన్నఅవుటపల్లి నుంచి గొల్లపూడి పక్కగా, కృష్ణ మీద కొత్త వంతెనతో కాజ దాకా తలపెట్టినది. అది పూర్తిగా అందుబాటులో ఉంటేనే మనకూ ఆ హక్కు ఉంటుంది. అది లేకుండా పెట్టే ప్రతి నిషేధం పామర్రు రోడ్డు మీద పెట్టిన అప్పే.

కె.ఎల్. రావుగారి పేరున్న వేదిక మీద నిలబడి ఊరికే బాధలు ఏకరువు పెట్టి దిగిపోతే బాగుండదు. అందుకని అధికారులకు కొన్ని విన్నపాలు. లారీలను ఆపే ఏ ఉత్తర్వులోనైనా, అది ఒక్కరోజుదైనా సరే, బళ్లు పోయే దారి, ఆగే చోటు, ఆ దారి మోయగల ఇరుసు బరువు రాయండి. ఆగే చోట నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో చూసి వచ్చి సంతకం పెట్టండి. మళ్లింపు అయిపోయిన నెలలో ఆ దారి మరమ్మతు ఖర్చు పల్లె బడ్జెట్ మీద వేయకండి. పండగ ఖర్చులో అదీ ఒక పద్దు, పందిళ్లకూ బారికేడ్లకూ ఇచ్చినట్టే ఇవ్వండి. శాశ్వత నిషేధాలకు ఏడాదికోసారి గడువు పెట్టి, కొనసాగించాలంటే కారణం మళ్లీ రాసే పద్ధతి తెండి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల మీదున్న పాత వంతెనల బలం పరీక్షించి, అంకెలను అక్కడే పలక మీద పెట్టండి. బలహీనమైన వంతెన అని మాత్రం రాస్తే డ్రైవర్‌కు ఏమీ చెప్పినట్టు కాదు. ఎంత బలహీనమో చెప్పాలి.

యజమాని మిత్రులకు కూడా ఒక మాట. అధిక లోడు వేయించుకుంటూ రోడ్డు బాగాలేదని ధర్నా చేసే హక్కు ఎవరికీ లేదు. మీ సంఘం కాటా చీటీ లేని బండిని స్టాండులోంచి కదలనివ్వనన్న రోజున, ఈ విన్నపాలు పట్టుకుని మీకంటే ముందు నేను కలెక్టరేట్ మెట్లెక్కుతాను.

వచ్చే దసరా ఏర్పాట్ల సమావేశం ఎప్పటిలాగే నెల ముందు జరుగుతుంది. దేవస్థానం వాళ్లను పిలుస్తారు, విద్యుత్ శాఖను పిలుస్తారు, రైల్వేవాళ్లను పిలుస్తారు. ఈసారి పామర్రు, అవనిగడ్డ, రేపల్లెల నుంచి ముగ్గురు సర్పంచులను, ఇద్దరు లారీ డ్రైవర్లను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. దారి పేర్లు వాళ్ల ముందు చదివాకే పేపరుకు పంపండి.